కష్టపడిన ఒంటికి ఏ తిండి? గోధుమ పడనివారిని గుర్తుపట్టడం ఎలా?

(నంబులపూలకుంటలో రోగుల కుటుంబ సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోగిని డాక్టర్లు, నర్సులు చూసుకుంటారు. ఇంటికి వెళ్లాక పొయ్యి దగ్గర నిలబడి వండిపెట్టేది మీరే. అందుకే ఈ రోజు నాలుగు మాటలు మీతోనే చెప్పాలని వచ్చాను.

మీరు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. "షుగరుందని అన్నం మాన్పించి మూడు పూటలా చపాతీలు పెడుతున్నాం, సరేనా?" అంటారు. "మావాడు పోలీసు సెలక్షన్లకని పొద్దున్నే పరిగెత్తుతున్నాడు, అన్నం సంగటి మానేసి ఒట్టి గుడ్లు తింటానంటున్నాడు" అంటారు. "పాపకు చపాతీ పెడితే కడుపు ఉబ్బుతోంది, మాన్పించమంటారా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నలన్నీ గింజధాన్యాల గురించినవే. ఒక్కొక్కటిగా చూద్దాం.

కష్టం తర్వాత ఒళ్లు ఏమడుగుతుంది?

మనం తిన్న అన్నం, సంగటి, రొట్టె అన్నీ కడుపులో అరిగి గ్లూకోజుగా మారతాయి. అందులో కొంత వెంటనే ఖర్చవుతుంది. మిగిలిన దాంట్లో కొంత కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉంటుంది. ఈ నిల్వను గ్లైకోజెన్ అంటారు. పెద్దవారిలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది. పొలం పని చేసినా, మట్టి తవ్వినా, 1600 మీటర్ల పరుగు తీసినా ముందుగా కరిగేది ఈ నిల్వే. అది తగ్గినప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి, చిరాకు వస్తుంది.

ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైంది అప్పటి మన అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే. ఎండలో మట్టిపని ఎంత కష్టమో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. అలాంటి పని చేసిన మనిషికి పిండిపదార్థం తప్పకుండా కావాలి. బైబిల్లో ఏలీయా ప్రవక్త అలసి సొలసి బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత ముందు అతనికి రొట్టె, నీళ్లు ఇచ్చి, నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. ఆ తర్వాతే ప్రయాణానికి పంపాడు.

పని గానీ వ్యాయామం గానీ అయిన తర్వాత గంట, రెండు గంటల్లో మామూలు భోజనం చేస్తే చాలామందికి సరిపోతుంది. పొద్దున, సాయంత్రం రెండుసార్లు పరిగెత్తే యువకులు మాత్రం ముందుగానే ఏదైనా తినాలి. గుడ్డు మంచిదే, కండరానికి మాంసకృత్తులు ఇస్తుంది. కాని ఖాళీ అయిన నిల్వను నింపేది పిండిపదార్థమే. రెండూ కలిపి తినాలి. కొన్ని ఉదాహరణలు చెబుతాను.

- రాగి సంగటి, ఉలవచారు లేదా పప్పు
- సద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ
- జొన్నరొట్టె, శనక్కాయల ఊరిబిండి, ఆకుకూర
- బొరుగులు, వేయించిన శనగపప్పు, ఒక అరటిపండు
- ఇడ్లీ సాంబారు, ఒక గుడ్డు
- ఉడికించిన చిలగడదుంప, ఒక గ్లాసు పాలు

చెమట ఎక్కువగా పోతే ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఉప్పు విషయం డాక్టరును అడిగి నడుచుకోవాలి. ఖరీదైన పొడులు, రంగు డబ్బాలు కొనాల్సిన అవసరం లేదు.

మన పొలాల గింజల్లో ఏముంది?

ఒకప్పుడు మన ఇళ్లలో రాగి, జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక, సామ అన్నీ ఉండేవి. పొలాల్లో శనక్కాయ పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎందరో పేదల ఆకలి తీర్చింది. దాంతోపాటే సంగటి ముద్ద పళ్లెంలో చిన్నదైపోయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మళ్లీ అందరూ వాటి గురించి మాట్లాడుతున్నారు.

100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. పీచు కూడా రాగుల్లో బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎదిగే పిల్లలకు, బాలింతలకు, ఎముకలు అరిగిన ముసలివారికి ఇది మేలు.

అయితే షుగరు ఉన్నవారి ఇళ్లలో ఒక పొరపాటు నమ్మకం ఉంది. చపాతీ అయినా రాగి అయినా ఎంత తిన్నా షుగరు పెరగదని అనుకుంటారు. బియ్యం, గోధుమ, రాగి ఏది తీసుకున్నా అందులో మూడింట రెండు వంతులు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ, పిండిపదార్థమే. మెత్తగా పట్టించి పలచగా కాచిన రాగి జావ త్వరగా అరిగి షుగరును త్వరగానే పెంచుతుంది. కాబట్టి ఏ గింజ అయినా కొలత చూసుకోవాలి. పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు లేక గుడ్డు లేక చేప, మిగిలిన పావు వంతు అన్నం, సంగటి, రొట్టెల్లో ఏదో ఒకటి ఉండేలా చూడండి. చపాతీ ఇష్టంలేని రోగిని బలవంతపెట్టకండి.

ఇన్సులిన్ వేసుకునేవారు, కొన్ని రకాల షుగరు మాత్రలు మింగేవారు కష్టమైన పని చేసినప్పుడు షుగరు బాగా పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక తప్పనిసరిగా భోజనం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకురండి.

గోధుమ పడకపోవడం అంటే ఏమిటి?

ఇప్పుడు రెండో సంగతి. గోధుమ, బార్లీ, రై అనే గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. చాలామందికి దీనివల్ల ఏ హానీ లేదు. కొందరికి మాత్రం పడదు. ఆ పడకపోవడం మూడు రకాలు.

మొదటిది అలర్జీ. గోధుమ తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తాయి. కొంతమందికి గోధుమ తిని ఊరుకుంటే ఏమీ కాదు. తిన్న తర్వాత పరుగో, బరువు పనో చేస్తేనే ఒళ్లంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోయి కూలిపోతారు. పరిగెత్తే కుర్రాళ్లు ఉన్న ఇళ్లలో ఇది తెలిసి ఉండాలి. ఇలా ఒక్కసారి జరిగినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురావాలి.

రెండోది సీలియాక్ వ్యాధి. ఇందులో గ్లూటెన్ తిన్నప్పుడు మన రోగనిరోధక శక్తే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర అరిగిపోతే తిన్నది ఒంటికి పట్టదు.

మూడోది, ఈ రెండూ కాకపోయినా గోధుమ తింటే కడుపుబ్బరం, నొప్పి, నలత కలగడం. దీనివల్ల పేగు దెబ్బతినదు. ఎంత తగ్గించాలో డాక్టరు సలహాతో తేల్చుకోవచ్చు.

సీలియాక్ వ్యాధికి గోధుమే కారణమని తేల్చినవాడు నెదర్లాండ్స్ దేశపు పిల్లల డాక్టరు విల్లెమ్ కారెల్ డిక్కె. 1930లలోనే ఆయనకు అనుమానం కలిగింది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ రొట్టెకు కరువు వచ్చింది. ఆ రోజుల్లో ఈ జబ్బు పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్లీ దొరికాక తిరిగి జబ్బుపడటం ఆయన అనుమానానికి బలమిచ్చాయి. 1950లో ఆయన తన పరిశోధనను ప్రకటించాడు.

మన వైపు ఇది ఉందా?

మనవాళ్లు పెద్ద వైద్యానికి వెళ్లే వేలూరు సీఎంసీలో చాలాకాలం పనిచేసిన డాక్టర్ బి.ఎస్. రామకృష్ణ, తోటి డాక్టర్లు కలిసి హర్యానా, అస్సాం, వేలూరు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తరాదిన ఈ జబ్బు నూటికి ఒకరికి పైగా ఉంది. దక్షిణాదిన వెయ్యికి ఒకరికే కనిపించింది. అయితే ఈ జబ్బుకు వీలిచ్చే జన్యువులు మూడుచోట్లా ఇంచుమించు సమానంగా, మూడోవంతు మందికి పైబడో కాస్త అటు ఇటుగానో ఉన్నాయి. తేడా తిండిలో కనిపించింది. హర్యానాలో మనిషి రోజుకు 455 గ్రాముల గోధుమ తింటే, వేలూరు వైపు 25 గ్రాములే తిన్నారు.

మన ఇళ్లలోనూ ఇప్పుడు చపాతీ, పరోటా, బిస్కెట్టు, నూడుల్సు పెరిగాయి. అందుకే ఈ జబ్బు అరుదైనదే అయినా దాని గుర్తులు మనకు తెలిసి ఉండటం మంచిది.

ఏ గుర్తులు చూడాలి?

- పిల్లల్లో నెలల తరబడి విరేచనాలు, ముందుకు వచ్చిన పొట్ట, సన్నబడిన చేతులు కాళ్లు, వయసుకు తగ్గ ఎత్తు బరువు లేకపోవడం
- ఐరన్ మాత్రలు సరిగా వాడుతున్నా ఎక్కని రక్తం
- మాటిమాటికీ నోటిపూత, నీరసం, కారణం తెలియని బరువు తగ్గుదల
- మోచేతులు, మోకాళ్ల మీద దురదపెట్టే నీటిపొక్కులు
- చిన్న వయసులోనే ఎముకలు బలహీనపడటం, పదేపదే గర్భస్రావాలు

చిన్నతనంలోనే ఇన్సులిన్ అవసరమైన షుగరు, థైరాయిడ్ జబ్బు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఇంట్లో ఒకరికి తేలితే తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి.

ఈ గుర్తులు ఉన్నాయంటే సీలియాక్ అనే అనుకోకూడదు. కడుపులో పురుగులు, పేగుల క్షయ, పాలు పడకపోవడం కూడా ఇలాగే కనిపిస్తాయి. క్షయను గోధుమ జబ్బుగా పొరబడితే ప్రాణానికే ముప్పు.

ముందు పరీక్ష, తర్వాత పథ్యం

ఇంత చెప్పడంలో నేను ముఖ్యంగా గుర్తుంచుకోమనేది ఈ ఒక్క మాట. సీలియాక్ అనుమానం ఉంటే పరీక్షకు ముందు మీ అంతట మీరు గోధుమ మాన్పించకండి.

ఎందుకంటే ఈ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే సరిగా తేలుతుంది. ముందు టీటీజీ అనే రక్తపరీక్ష చేస్తారు. అవసరమైతే గొట్టం ద్వారా పేగు లోపల చూసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. నెలల ముందే గోధుమ మానేస్తే రక్తంలో ఆ గుర్తులు తగ్గిపోతాయి, పేగు కూడా మానడం మొదలవుతుంది. అప్పుడు జబ్బు ఉన్నా లేదనే వస్తుంది. మళ్లీ కొన్ని వారాలు గోధుమ పెట్టి పరీక్షించాల్సి వస్తుంది. బిడ్డకు అది రెట్టింపు కష్టం. దద్దుర్లు, ఆయాసం వచ్చే అలర్జీ ఉన్నవారికి మాత్రం ఈ మాట వర్తించదు. వారు గోధుమ వెంటనే ఆపి డాక్టరును కలవాలి.

జబ్బు తేలితే ఇంట్లో ఏం చేయాలి?

దీనికి మందు పథ్యమే. అది జీవితాంతం పాటించాలి. చాలామందికి కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. బాగుంది కదా అని పండక్కి ఒక ఓళిగ పెట్టినా పేగు మళ్లీ దెబ్బతింటుంది.

తినకూడనివి: చపాతీ, పూరీ, పరోటా, బొంబాయి రవ్వ ఉప్మా, గోధుమ సేమ్యా, బన్ను, రస్కు, బిస్కెట్లు, మైదా బోండాలు, బార్లీ నీళ్లు, డబ్బాల్లో వచ్చే మాల్టు పానీయాలు. కొన్ని ఇంగువ పొడుల్లో గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదవండి.

తినదగినవి: బియ్యం, రాగి, జొన్న, కొర్ర, సజ్జ, సామ, ఆరిక, మొక్కజొన్న, సగ్గుబియ్యం, అన్ని పప్పులు, దుంపలు, పాలు, గుడ్లు, మాంసం. ఇవన్నీ మన సంతలో దొరికేవే. ఈ జబ్బు వచ్చిన బిడ్డకు సంగటి, జొన్నరొట్టెల మీద పెరిగే వీలుండటం మన ప్రాంతానికి దేవుడిచ్చిన మేలు.

ఒక జాగ్రత్త. పిండి మరలో గోధుమలు ఆడించిన వెంటనే మీ రాగులు పోస్తే ఆ పిండి కలిసిపోతుంది. వీలైతే ఇంట్లోనే విసురుకోండి, లేదా మర కడిగి తుడిచాక మొదటగా మీది ఆడించమని అడగండి. అట్లపెనం, జల్లెడ విడిగా ఉంచండి. బడి మధ్యాహ్న భోజనం విషయం మాస్టారుకు చెప్పి ఉంచండి.

విశ్వాసులకు మరొక మాట. ప్రభుబల్లలో ఇచ్చే రొట్టె మామూలుగా గోధుమదే. ఈ జబ్బు ఉన్నవారు సిగ్గుపడి ఊరుకోకుండా తమ పాస్టరుగారితో గానీ ఫాదరుగారితో గానీ ముందే మాట్లాడండి. కథోలిక సంఘంలో గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పానికి, లేదా ద్రాక్షారసం మాత్రమే పుచ్చుకోవడానికి అనుమతి ఉంది. తగ్గించిన అప్పం పడుతుందో లేదో డాక్టరును అడగండి.

ఇంటికి వెళ్లాక మీ పిల్లల బరువు, ఎత్తు ఒకసారి చూపించండి. ఏడాదిగా రక్తం ఎక్కనివారు ఎవరైనా ఇంట్లో ఉంటే ఈసారి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి. పాత చీటీలు, మాత్రల అట్టలు కూడా తెండి. మీ చేతి వంటను దేవుడు దీవించి, మీ ఇంటి రోగికి బలం దయచేయును గాక. ఆమేన్.