వండిన చేతికి నమస్కారం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "రుమేనియా వెళ్లొచ్చారు కదా, అక్కడి ఇంటి వంటల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

2023 నవంబరులో క్లూజ్ నగరంలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లి రెండు నెలలున్నాను. నేను శాకాహారిని. అక్కడ మాంసం లేనిదే ముద్ద దిగదని ఎవరో భయపెడితే పొడులు, పచ్చళ్లు మోసుకెళ్లాను. తీరా చూస్తే నవంబరు 15 నుంచి క్రిస్మస్ దాకా 40 రోజులు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాస దీక్ష. నిష్ఠగా ఉండేవారు మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు కూడా ముట్టరు. ఎదురింటి పెద్దావిడ, డెబ్భై అయిదేళ్ల పెన్షనరు, ఆ 40 రోజులూ నా పాలిట అన్నపూర్ణ.

మొదటి రోజు 'మమలిగ' పెట్టింది. మరిగే ఉప్పునీళ్లలో మొక్కజొన్న పిండి పోసి, కర్రతో గట్టిగా కలిపి, చెక్క పలక మీద బోర్లించి దారంతో కోస్తారు. అచ్చం మన సంకటే! మొక్కజొన్న ఆ దేశానికి 17వ శతాబ్దంలో వచ్చింది. అంతకు ముందు చిరుధాన్యాల పిండితోనే చేసుకునేవారట.

తరువాత 'చోర్బ', అంటే పుల్లని కూరగాయల చారు. చింతపండు లేని దేశం కనుక గోధుమ తవుడును నీళ్లలో పులియబెట్టి ఆ నీరు పోస్తారు. మా నాయనమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. పేరు కూడా మన హైదరాబాదు షోర్బాకు చుట్టమే. పర్షియా మాట తురుష్కుల ద్వారా అక్కడికి చేరింది.

మనకు ఆవకాయ రోజులెలాగో వారికి శరదృతువులో 'జకుస్క' రోజులు అలాగ. వంకాయలు, ఎర్రని బుట్టమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, ఉల్లి, టమాటాలతో నూనెలో గంటల తరబడి మగ్గించి చలికాలానికి సీసాలకెత్తుతారు.

అన్నిటికీ రాణి 'సర్మలె'. ఉప్పునీళ్లలో పులిసిన క్యాబేజీ ఆకులో బియ్యం, మాంసం కైమా చుట్టి సన్నని సెగ మీద ఉడికిస్తారు. దీక్షలో మాంసం బదులు పుట్టగొడుగులు. పెళ్లికైనా, పండుగకైనా అది లేనిదే విందు కాదు.

ఆ కొలతలు ఎక్కడివని అడిగితే ఆవిడ నూనె మరకల నోటుబుక్కు తెచ్చి చూపింది. అత్తగారి చేతిరాత. 1980లలో చౌసెస్కు ప్రభుత్వం విదేశీ అప్పు తీర్చడానికి ఆహారపదార్థాలు ఎగుమతి చేసి, ప్రజలకు రొట్టె, నూనె, చక్కెర రేషను పెట్టింది. తెల్లవారకముందే సంచులతో క్యూలు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేదాకా అదే తీరు. "అంగట్లో మాంసం లేని రోజుల్లోనే మా అత్తగారు ఈ వంటలన్నీ రాసింది. మళ్లీ దొరికే నాటికి మేము మరిచిపోకూడదని" అంది ఆవిడ. మా అమ్మాయి తెలుగులో చెబుతూ గొంతు పూడిపోయి ఆగిపోయింది.

ఎందుకో మీకు తెలుసు. మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఆవ పెట్టిన ఆమె పనసపొట్టు కూర నేను మూడుసార్లు ప్రయత్నించాను, ఆ రుచి రాలేదు. 38 ఏళ్లు పేపరు చదువుతూ తిన్నానే గాని, ఆవ ఎంత, ఎప్పుడు కలపాలని ఒక్కనాడూ అడగలేదు.

రుమేనియాలో పిల్లలు భోజనం చేసి లేస్తూ, "భోజనం పెట్టిన చేతిని ముద్దాడుతున్నాను" అనే అర్థం వచ్చే మాట అంటారు. నేను ఇంట్లో ఆ పాటి మాట కూడా అనలేదు.

మిత్రులారా, వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఇంట్లోవారిని అడిగి రాసుకోండి. 'తగినంత' అంటే ఊరుకోకండి, చెంచాతో కొలిపించండి. ఈ రాత్రి భోజనం చేసి లేచేటప్పుడు వండినవారితో ఒక మంచి మాట అనండి.