మట్టి మిద్దెలు



ఈ ప్రసంగము వినుచున్న మీరు ఒక్కమారు తలయెత్తి మీ గది పైకప్పును చూడుడు. అది సిమెంటు స్లాబా, పెంకులా, నాపబండలా, లేక దూలములపై నిలిచిన మట్టి మిద్దెయా? జనాభా లెక్కలవారు అడుగు ప్రశ్నయు ఇదియే. 1961 నాటి నుండియు మన దేశమున ఇండ్ల జాబితా వ్రాయువారు గోడలు దేనితో కట్టిరి, కప్పు దేనితో వేసిరి అని వ్రాసికొనుచున్నారు. 2011 నాటి లెక్కలలో ఇల్లు మంచి స్థితిలో నున్నదా, నివాసయోగ్యమా, శిథిలమా అనియు విచారించిరి. దేశములోని ఇండ్లు తరతరమునకు ఎట్లు మారుచున్నవో తెలియుటకు ఈ పట్టికలు గొప్ప సాధనము. అయినను వానికి అందని సంగతి యొకటి కలదు. అది తెలియవలెనన్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలకు పోవలెను.

ఈ సీమలో పెద్ద కట్టడముల కథ సులభముగానే చెప్పవచ్చును. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో నేడు చెన్నకేశవస్వామి ఆలయముతోపాటు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర వెలసిన డిగ్రీ కళాశాల యున్నది. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనము 1959లో పాలిటెక్నిక్ ఆయెను. దర్బారు చేసిన చోట విద్యార్థులు యంత్రముల పటములు గీయుచున్నారు. శ్రీశైలము జలాశయమున మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయికి రాయి విప్పి అలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయమును గూడ అట్లే తరలించిరి. రాతి కట్టడమునకు విలువ కట్టువారుండిరి, కనుక అది బ్రతికినది. ఆ నీటిలోనే మునిగిన ఊళ్ల మట్టి యిండ్లను విప్పి మోయుట ఎవరి తరము?

మట్టి మిద్దె యనగా ఏమో పట్టణవాసులకు కొంత చెప్పవలసి యున్నది. మట్టితో పేర్చిన మందపు రాతి గోడలు, వానిపై వేప, తుమ్మ, మద్ది దూలములు, దూలములపై దంతెలు, వానిపై సన్నకర్రలును ఆకులును పరచి, ఆపైన మట్టి వేసి తొక్కుదురు. అన్నిటికిని మీద చౌడు. పంటకు పనికిరాని ఆ ఉప్పుమట్టి ఇంటికి గొడుగువంటిది. తడిసినప్పుడు దాని సన్నని రేణువులు విడివడి సందులను మూసివేయును, కనుక నీరు లోనికి దిగదు. వేసవిలో బయట నిప్పులు చెరుగుచున్నను మిద్దె లోపల చల్లగా నుండును. స్లాబు కింద వేగిపోవు మనవలు తాతగారి మిద్దెలోనికి పోయి పడుకొనుట ఈ సీమలో ఇప్పటికిని వింత కాదు.

అయితే మిద్దె కట్టి విడిచిపెట్టు వస్తువు కాదు. ఏటేట రోహిణీకార్తెలో, మృగశిర రాకముందు, పైన చౌడు సరిచేయవలెను. తూములు శుభ్రము చేయవలెను. చెద పట్టిన దంతెను మార్చవలెను. పాత మట్టిని గీకి దింపి కొత్తది వేయవలెను. మనవారు ఎక్కువగా తప్పునది ఈ చివరి పనియే. పాతది దింపకయే కొత్తది పోయుదురు. జానెడు మందము మట్టి పేరుకొన్నచో చదరపు మీటరునకు 300 కిలోలకు పైబడిన బరువగును. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిపై అది 3 టన్నులు దాటును. వాన కురిసిన రాత్రి దానికి నీటి బరువు తోడగును. తాతలనాటి దూలమునకు లోపల చెద పట్టినదో లేదో ఎవరు చూచిరి?

ఎవరును చూడకపోవుటకు కారణము సోమరితనము కాదు. పాలమూరు కూలీలు నాగార్జునసాగరము మొదలు ఎన్ని ఆనకట్టలకు, ఎన్ని నగరములకు రాళ్లు మోసిరో అందరెరిగినదే. కోతలైన పిదప బయలుదేరి, తొలకరికి తిరిగివచ్చుట వారి యేటి క్రమము. అనగా మిద్దెకు చౌడు వేయవలసిన వేసవి నెలలలోనే ఇంటికి తాళము. పరుల స్లాబులకు కంకర మోయు చేతులకు సొంత కప్పు సరిచేయు తీరిక దొరకలేదు. ఎత్తిపోతల నీరు వచ్చిన పిదప వలస కొంత తగ్గినది. కాని ఈలోగా ఒక తరము గడచెను. చౌడు ఏ గుంటలో మంచిదో, ఎంత మందము చాలునో తెలిసిన ముసలివారు తగ్గిపోయిరి. వారి తరువాత వచ్చినవారు మిద్దెపై ప్లాస్టిక్ పట్టా పరచి, గోడకు సిమెంటు పూసి ఊరకుండిరి. సిమెంటు పూత మట్టిగోడలోని చెమ్మను బయటికి పోనీయదు. గోడ లోలోపల నానుచుండును. మేలుకని చేసిన పని కీడగుట ఇదియే.

2020 అక్టోబరులో వనపర్తి జిల్లా బుద్ధారమున, పెద్దల సంవత్సరీకమునకు కూడిన బంధువులు నిద్రించుచున్న పాత ఇంటి కప్పు కూలి, ఒకే కుటుంబమున ఐదుగురు స్త్రీలు మరణించిరి. 2024 జూలై మొదట నాగర్‌కర్నూలు దగ్గరి వనపట్లలో వానకు మిద్దె కూలి తల్లియు ముగ్గురు పిల్లలును మృతిచెందిరి. 2009 అక్టోబరు వరదలలో అలంపురము ప్రాంతమున మట్టి యిండ్లు ఎట్లు కరగిపోయెనో చూచినవారు ఇంకను మరువలేదు.

కొత్త యిండ్లు కట్టుచున్నారు గదా యని మీరనవచ్చును. నిజమే. 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున సొంత స్థలము గలవారికి 5 లక్షల రూపాయలు, పని సాగిన కొలది విడతలుగా ఇచ్చుట యేర్పాటు. కాని కొత్త యిల్లు లేచినంతమాత్రమున పాతది పోదు. యూరపు దేశములలో ఏటేట లేచు కొత్త కట్టడములు ఉన్నవానిలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించవు. ఊరి స్వరూపమును పాతవే నిర్ణయించును. మన పల్లెలో కొత్తవి అంతకన్న వేగముగా లేచుచున్నవి. అయినను వీథివైపు స్లాబు వేసి, వెనుక మిద్దెను అట్లే యుంచుదురు. అందులో ధాన్యము, గడ్డి, ఒక మూల నులకమంచముపై అవ్వయో తాతయో! అన్నదమ్ముల వాటాలు తెగనిచో అది మరింత చెడును. ఎవరికిని చెందని గోడను ఎవరు బాగుచేయుదురు? జనాభా పట్టికలో ఆ యింటికి స్లాబు కప్పని వ్రాయుదురు. వెనుక గదిలో ఎవరు పడుకొనుచున్నారో పట్టిక అడుగదు.

కనుక మిద్దె గలవారు ఈ వేసవిలో చేయవలసినది చెప్పెదము. దూలమును కర్రతో కొట్టి చూడుడు. డొల్లగా మ్రోగినచో లోపల చెద యున్నది. దూలము గోడలో దిగిన చోటనే ముందు చెడును, కనుక అక్కడ గీకి చూడుడు. మిద్దెపై జానెడుకన్న మందముగా మట్టి యున్నచో దింపించుడు, దింపునపుడు గదిలో ఎవరును ఉండరాదు. గోడ అడుగున నీరు నిలువకుండ కాలువ తీయుడు. గోడకు పొట్ట వచ్చినను, వాన రాత్రి కప్పునుండి మట్టి రాలుచున్నను, తెల్లవారనిమ్మని యాగక ముసలివారిని, పిల్లలను ముందుగా లేపి ముందువైపు గదిలోనికి తీసికొనిపొండు.