కటకమూ, దాని గూడూ: ఒక కెమెరా కుటుంబం నుంచి మరొక కుటుంబానికి (ప్రసంగపాఠం)



ప్లాటినం జూబిలీ సంచిక తెరవగానే ఎవరి చూపైనా ముందుగా పాత గ్రూపు ఫోటోల మీదనే నిలుస్తుంది. మూడు వరుసల పిల్లలు, నడుమ కుర్చీలలో ఉపాధ్యాయులు, పాదాల చెంత తరగతి పేరు వ్రాసిన పలక. అందులో తన ముఖాన్ని వెదుక్కొనేవారు ఎందరో ఉంటారు. దానిని తీసిన కెమెరా ఏదని అడిగేవారు అరుదు. అడిగినా ఫోటో చెప్పదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఏ కంపెనీ కెమెరాలో వేసినా సాధారణంగా నెగటివు కొలత ఒక్కటే: 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. నికాన్ వాడేవారూ, కెనాన్ వాడేవారూ ఒకే అంగడిలో ఒకే రోలు కొని, ఒకే డార్క్ రూములో కడిగించుకొన్నవారే. అటువంటప్పుడు ఒక కంపెనీని విడిచి మరొక కంపెనీకి మారడం ఛాయాచిత్రకారునికి అంత బరువైన నిర్ణయం ఎందుకయింది?

బరువంతా లెన్సులో ఉంది. కెమెరా ఒకటి కొన్నవాడు కాలక్రమంలో మూడు నాలుగు లెన్సులు కూర్చుకొంటాడు. ఆ లెన్సు కెమెరాకు బిగిసే లోహపు గూడును వృత్తిలో మౌంటు అంటారు. ఒక్కొక్క కంపెనీ మౌంటు ఒక్కొక్క తీరు. ఒకదాని లెన్సు మరొకదానికి బిగియదు. కాబట్టి కెమెరా మార్చడమంటే సంవత్సరాల తరబడి కూడబెట్టిన లెన్సులన్నింటినీ సగం ధరకో, అంతకన్న తక్కువకో అమ్ముకోవడం. 1991కి పూర్వం దిగుమతి ఆంక్షలు, సుంకాలు గట్టిగా ఉన్న రోజులలో ఇది మరీ కష్టం. మంచి లెన్సు కావాలంటే విదేశంలో ఉన్న బంధువు తేవాలి, లేదా మద్రాసు బర్మా బజారులో బేరమాడాలి. పెళ్ళిళ్ళ కాలం ఆదాయంతో ఏడాది గడుపుకొనే స్టూడియో యజమానికి అది ఇల్లు మారినంత పని.

ఈ రెండు కంపెనీల పోటీ గురించి చెప్పేటప్పుడు చాలామంది మరచిపోయే సంగతి ఒకటి ఉంది. 1936లో విపణికి వచ్చిన తొలి కెనాన్ కెమెరాకు, అనగా హాన్సా కెనాన్‌కు, అమర్చిన లెన్సు నికాన్ పూర్వరూపమైన నిప్పన్ కొగాకు సంస్థ తయారుచేసిన నిక్కోర్. ప్రత్యర్థి కన్నుతోనే కెనాన్ లోకాన్ని మొదట చూసిందన్నమాట.

మార్పిడి చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం 1950 నాటిది. లైఫ్ పత్రిక ఛాయాచిత్రకారుడు డేవిడ్ డగ్లస్ డంకన్ జర్మనీవారి లైకా కెమెరాలు వాడేవాడు. టోకియోలో జున్ మికీ అనే జపాను యువకుడు 85 మిల్లీమీటర్ల నిక్కోర్ లెన్సుతో డంకన్ ఫోటో తీసి చూపించాడు. ఆ ప్రింటులోని స్పష్టత డంకన్‌ను ఆశ్చర్యపరచింది. ఆయన కెమెరా మార్చలేదు. లైకా మరచుట్ల గూటికి సరిపోయేలా తయారైన నిక్కోర్ లెన్సులను తన లైకాలకే బిగించుకొని కొరియా యుద్ధరంగానికి వెళ్ళాడు. ఆ చిత్రాలతో జపాను లెన్సుల పేరు అమెరికాలో మారుమ్రోగింది. ఉన్నదానిని పారవేయక, లోపమున్న చోటు మాత్రమే మార్చుకొన్న ఆ తెలివి మెచ్చదగినది.

1959లో నికాన్ ఎఫ్ వెలువడింది. అదే ఏడు కెనాన్ కూడా తన తొలి రిఫ్లెక్స్ కెమెరా కెనాన్‌ఫ్లెక్స్‌ను విడుదల చేసింది కాని అది నిలద్రొక్కుకోలేదు. తరువాతి రెండు దశాబ్దాలలో వార్తాపత్రికల వారి మెడలో నికాన్ ఒక గుర్తింపు చీటీ వంటిదయింది. కెనాన్ 1971లో ఎఫ్.డి. మౌంటుతో పుంజుకొంది. 1985లో మినోల్టా తనంతట తాను ఫోకస్ చేసుకొనే రిఫ్లెక్స్ కెమెరాను తేవడంతో రెండు కంపెనీలూ మేల్కొన్నాయి.

ఇక్కడ దారులు చీలాయి. నికాన్ పాత గూటినే ఉంచి, కెమెరా లోపల మోటారు పెట్టి లెన్సును త్రిప్పించింది. కెనాన్ 1987లో ఎఫ్.డి. మౌంటును పూర్తిగా విడిచి, ఇ.ఎఫ్. అనే కొత్త గూటిని నిర్మించింది. అందులో యాంత్రికమైన మీటలు లేవు, విద్యుత్ సంకేతాలే. మోటారు ప్రతి లెన్సులోనే ఉంటుంది. పదహారేళ్ళు విశ్వాసంగా ఎఫ్.డి. లెన్సులు కొన్నవారు ఒక్కనాటితో అనాథలయ్యారు.

వారి బాధ ఎంతటిదో అంకెలలో చెప్పవచ్చు. గూటి అంచు నుంచి ఫిల్ము వరకు ఉండే దూరం ఎఫ్.డి. కెమెరాలో 42 మిల్లీమీటర్లు, కొత్త ఇ.ఎఫ్.లో 44. తేడా రెండే మిల్లీమీటర్లు. అయినా 50 మిల్లీమీటర్ల లెన్సును రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపితే, సుమారు 1.3 మీటర్లకు అవతల ఉన్నదంతా మసకబారుతుంది. పాఠశాల గ్రూపు ఫోటో తీయడానికి ఫోటోగ్రాఫరు నిలిచే దూరానికి అది ఎందుకూ పనికిరాదు. నికాన్ కెమెరాలో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. కనుక నికాన్ లెన్సుకూ కొత్త కెనాన్‌కూ మధ్య 2.5 మిల్లీమీటర్ల కడియం వేస్తే దూరం సరిపోతుంది. ఫోకస్, కంతి మాత్రం చేతితో సరిచేసుకోవాలి. కెనాన్ కొత్త కెమెరాకు సొంత పాత లెన్సుల కన్న ప్రత్యర్థి లెన్సులే సులువుగా అమరాయి!

కెనాన్ నిర్ణయాన్ని ద్రోహమన్నవారున్నారు. మార్పు బాధ ఒక్కసారే పడి ముందుకు సాగింది కనుక అది సాహసమని చెప్పడమే న్యాయం. పరుగెత్తే ఆటగాడిని పట్టుకోవడంలో లెన్సులోని మోటారుకు వేగం ఎక్కువ. 1990లలో క్రీడా మైదానాల అంచున కెనాన్ తెల్లని పెద్ద లెన్సులు బారులు తీరాయి. లోపలి ఫ్లోరైటు స్ఫటికం ఎండవేడికి వ్యాకోచించకుండా వాటికి తెల్ల రంగు వేశారు. అదే వాటికి ప్రకటన కూడా అయింది. ఎందరో వార్తా ఛాయాచిత్రకారులు నికాన్ విడిచి అటు వెళ్ళారు. నికాన్ 1996లో ఎఫ్-5తోనూ, మోటారు గల లెన్సులతోనూ బదులిచ్చింది.

అయితే మారినవారిని డబ్బు కన్న ఎక్కువగా బాధించినది చేతి అలవాటు. నికాన్ లెన్సు బిగియడానికి ఒక వైపు తిరిగితే, కెనాన్ లెన్సు మరొక వైపు తిరుగుతుంది. ఫోకస్ కడియం కూడా అంతే. వధువు తలవంచిన క్షణాన వేళ్ళు పాతవైపే తిరుగుతాయి. క్షణం పోతుంది, జీలకర్రబెల్లం మళ్ళీ పెట్టించలేరు కదా.

గిరిసోలవారికి ఇది ఎక్కువగా వివరించనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమేర్పడి బరంపురం మద్రాసు రాజధాని నుంచి వేరయింది. అవతల ఇచ్ఛాపురం అటే ఉండిపోయింది. కాగితాలు ఒక్కరోజులో మారాయి. నాలుక, లెక్క, బంధుత్వాల పిలుపులు పాతవైపే తిరుగుతూ వచ్చాయి. పిల్లవానిని ఒక మాధ్యమం నుంచి మరొక మాధ్యమానికి మార్చాలా అని ఆలోచించే తల్లిదండ్రులు కూడా కొత్తదానిలో ఏమున్నదో చూస్తారు. చేతిలోని లెన్సులలో ఏవి దానికి బిగుస్తాయో లెక్కవేసేవారు తక్కువ. ఆటలు తీసేవాడికి మార్పు అవసరమయింది. కుర్చీలు వేయించి, కదలకండి అని చెప్పి ఫోటో తీసేవాడికి పాత లెన్సు చాలింది, చాలా ఏళ్ళు.

ఫిల్ము కెమెరాల కథ దాదాపు ముగిసింది. కెనాన్ తన చివరి ఫిల్ము రిఫ్లెక్స్ అమ్మకాన్ని 2018లోనూ, నికాన్ తన ఎఫ్-6ను 2020లోనూ ఆపివేశాయి. అదే 2018లో రెండు కంపెనీలూ అద్దం లేని డిజిటల్ కెమెరాల కోసం మళ్ళీ గూళ్ళు మార్చాయి. ఈసారి దూరం తగ్గింది: నికాన్‌లో 16 మిల్లీమీటర్లు, కెనాన్‌లో 20. నలభై రెండులో ఇరవై పోతే మిగిలేది ఇరవై రెండు. అంత మందం గల కడియం ఒకటి చాలు. 1987లో మూలపడిన ఎఫ్.డి. లెన్సు కెనాన్ కొత్త కెమెరాకు బిగుస్తుంది, కడపటి వరుసలోని కుర్రవాని ముఖం వరకు స్పష్టంగా చూస్తుంది. ఫోకస్ మాత్రం చేత్తోనే చేసుకోవాలి.