లేచి నిలబడే బలం
(కొండగట్టు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. గుమాస్తాగా ఫైళ్లు మోసి రిటైరైనవాణ్ణి. డెబ్బై దాటినవి. డాక్టరు సలహాపై ఇంట్లో చేస్తున్న కొద్దిపాటి కసరత్తు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనలో చాలామంది పొద్దున్నే నడుస్తారు. మంచిదే, కాని నడక ఒక్కటే చాలదు. వయసుతోపాటు కండ తరుగుతుంది. వెనుక బావిలో నీళ్లు చేదటం, విసుర్రాయి తిప్పటం, రోకటి పోటు ఒంటికి పని చెప్పేవి. మోటారు, మిక్సీ వచ్చి ఆ పని పోయింది. తొడల్లో బలం తగ్గితే పీట మీదనుంచి లేవలేము, బస్సు మెట్టు ఎక్కలేము. పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం. ఆపైన ప్రతి అవసరానికీ ఇంట్లోవాళ్లను పిలవాల్సిందే.

మనం అంజన్న సన్నిధిలో ఉన్నాము. తాలీంఖానాల్లో పహిల్వాన్లు ఆయనకు మొక్కి కసరత్తు చేసేవారు. అది పడుచువాళ్ల సంగతి, మనకెందుకంటారా? 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో తొంభై ఏళ్ల వృద్ధులచేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తిచేసిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. వారానికి కనీసం రెండు రోజులు కండ బలపడే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

మొదలుపెట్టే తీరు ఇది. గుండెజబ్బు, అదుపులేని బీపీ, గిలక, ఈమధ్య ఆపరేషన్ ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఒకటి, గట్టి కుర్చీని గోడకు ఆనించి, అందులోనుంచి మెల్లగా లేచి కూర్చోవాలి. ఐదారు సార్లు చాలు. అవసరమైతే చేతుల ఊతం తీసుకోండి.

రెండు, గోడకు అరచేతులు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వంగి, తిరిగి వెనక్కు నెట్టుకోవాలి.

మూడు, కుర్చీ వెనుక పట్టుకొని మడమలు పైకెత్తి దించాలి.

నాలుగు, చేతికొక నీళ్ల సీసాతో మోచేయి వంచి ఎత్తాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు. మొదట అర లీటరే పట్టండి.

ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టరాదు. నడుమ ఒక రోజు విశ్రాంతి ఇవ్వండి. తేలికైన తరువాతనే పెంచండి. ఒకటి రెండు రోజులు కండ కొద్దిగా నొచ్చటం మామూలే. కీలులో పోటు, ఛాతీనొప్పి, కళ్లు తిరగటం కనిపిస్తే వెంటనే ఆపాలి. ఛాతీనొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తిండిలో పప్పు, పెరుగు, గుడ్డు ఉండాలి. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరు చెప్పినంతే తినాలి.

ఇది ఆడవాళ్లకూ అంతే అవసరం. దంపతులు కలిసి చేస్తే ఒకరికొకరు తోడు. ఎన్నో ఫైళ్లు పెండింగులో పెట్టిన చేతులు మనవి. ఈ ఒక్క ఫైలు మాత్రం పెట్టవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.