మీర్ సాదిఖ్ ఒక్కడేనా?

(మట్టెవాడలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు సెల్‌ఫోన్లలో తుర్కీ ధారావాహిక ఎర్తుగ్రుల్ చూసి మురిసిపోతున్నారు. మా తరానికి ఆ ముచ్చట 1990లో తీరింది. దూరదర్శన్‌లో ‘ద స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ కొత్తగా మొదలైన రోజులవి. మా వాడకట్టులో టీవీ ఉన్న ఒక్క ఇంటి వరండా చాలక, కిటికీ ఊచలు పట్టుకొని నిలబడి చూసేవాళ్ళం. సంజయ్ ఖాన్ కత్తి దూస్తే పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ కేకలు వేసేవారు. ఆ చిత్రీకరణ వేళ మైసూరులో 1989 ఫిబ్రవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో 62 మంది మరణించారు. సంజయ్ ఖాన్ సైతం తీవ్రంగా కాలిపోయి మృత్యుముఖం నుండి బయటపడ్డాడు.

ఇది కల్పితమే, చరిత్ర కాదు అన్న ప్రకటన ముందుగా వేసేవారు. అది చదివి మా మనసు చివుక్కుమనేది. భగవాన్ గిద్వానీ నవల ఆధారంగా తీసినది గనుక ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే టిప్పు విషయంలోనే అంత జాగ్రత్త ఎందుకన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

నేను చెప్పదలచినది వేరు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటగోడ బీటువారిన చోట కాపున్న సిపాయిలను, జీతాల బట్వాడా అనే నెపంతో మీర్ సాదిఖ్ పక్కకు పిలిచాడంటారు. ఉద్యోగ జీవితమంతా పే బిల్లులు రాసినవాణ్ణి; ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కోట ఫిరంగితో పగిలింది, జీతాల పట్టీతో పడిపోయింది.

వరండాలో అందరం మీర్ సాదిఖ్‌ను తిట్టాము. ఆనాడు మన నిజాం సేనలు ఏ వైపున ఉన్నాయని ఒక్కరమూ అడగలేదు. కంపెనీ వైపునే ఉన్నాయి, మీర్ ఆలం వాటి వెంట ఉన్నాడు. 1792లో, మళ్ళీ 1799లో టిప్పు రాజ్యంలో నిజాం వాటా పుచ్చుకున్నాడు. ఏం మిగిలింది? 1800లో ఆ సీమలనే కంపెనీ పటాలాల ఖర్చు కింద రాసి ఇచ్చాడు. వాటినే దత్త మండలాలన్నారు, ఇప్పటి రాయలసీమలో అధికభాగం అదే. మీర్ ఆలం 1804లో దివాన్ అయ్యాడు. మీర్ సాదిఖ్ పేరు తిట్టుగా మిగిలింది, మీర్ ఆలం పేరిట హైదరాబాదులో చెరువు ఉన్నది.

ఇది పాతకథ అనుకోకండి. పదవీ విరమణ తరువాత ఒక ఖబరస్తాన్ హద్దుల కోసం కార్యాలయాల చుట్టూ తిరిగాను. ఆ భూమిలో కొంత ఏనాడో చేతులు మారింది. పరాయివాళ్ళ పని అనుకొని కోపంతో వెళ్ళాను. కాగితం కింద సంతకం మనవాడిదే. ఆ పెద్దమనిషిని మన సభల్లో ముందు వరుసలో కూర్చోబెట్టిన వారిలో నేనూ ఉన్నాను. కిటికీ ఊచలు పట్టుకొని ద్రోహిని గుర్తుపట్టిన నాకు, పక్క కుర్చీలో ఉన్నవాడు కనిపించలేదు.

వక్ఫ్ ఆస్తుల విక్రయాన్ని నిషేధిస్తూ 2013లో చట్టాన్ని సవరించారు. చట్టం ఉన్నా, పాత రిజిస్టరు తెరచి సర్వే నంబరు సరిచూసే మనిషి కావాలి. అది తెరమీద చూపదగిన పని కాదు, దుమ్ముకు తుమ్ములు వస్తాయి. నా వద్ద ఆ రిజిస్టరు నకళ్ళు ఉన్నాయి. ఉర్దూ లిపి చదవగల యువకులు ఇద్దరు ముగ్గురు వస్తే, వచ్చే జుమా నమాజు తరువాత కూర్చుందాము.