బండి మీద పడవ



ఈ మధ్య మన డాలస్ తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఒక కొత్త కబురు వినబడుతోంది. ఇల్లు కొన్నాం, కార్లు కొన్నాం, ఇహ చిన్న పడవ ఒకటి కొంటే ఎలా ఉంటుందీ అని. దగ్గర్లో లేక్ లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ ఉన్నాయి. గంటన్నర ఉత్తరానికి వెళ్తే టెక్సోమా ఉంది. నేను కొన్నేళ్ళుగా 19 అడుగుల పాత బౌరైడర్ నడుపుతున్నాను. బౌరైడర్ అంటే ముందు భాగంలో కూడా సీట్లుండే మోటారు పడవ. నేను మెకానిక్కుని కాను, మీలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. అంచేత ఇది మామూలు మనిషి మామూలు మనుషులకి చెప్పే సలహా అనుకోండి.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మన సామెత. మోటారు పడవ విషయంలో అది అక్షరాలా నిజం. పడవ నీటి మీద ఉండేది ఏ శనివారమో నాలుగు గంటలు. మిగతా కాలమంతా బండి మీదే. నీటి మీద మన కుటుంబం క్షేమంగా ఉంటుందా లేదా అన్నది చాలావరకు బండి మీద ఉన్నప్పుడు మనం చేసిన పనుల్లోనే తేలిపోతుంది. ఈరోజు మాటల సారాంశం అదే.

ముందు లాగడం సంగతి. కొనేటప్పుడు అమ్మేవాళ్ళు చెప్పేది ఖాళీ పడవ బరువు. నా బోటు లాంటిది ఖాళీగా సుమారు 2,900 పౌండ్లు. ట్రెయిలర్ ఇంకో 900. ముప్పై గ్యాలన్ల పెట్రోలంటే 180 పౌండ్లు. బ్యాటరీ, లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె, మనవాళ్ళ పులిహోర గిన్నెలు అన్నీ కలిస్తే 4,300 దాటుతుంది. మనలో చాలామంది ఇళ్ళల్లో ఉండే టొయోటా సియెన్నా లాగగలిగేది 3,500. హోండా పైలట్ అయితే ముందు చక్రాలతో నడిచేదానికి 3,500, నాలుగు చక్రాలతో నడిచేదానికి 5,000. అంచేత ముందు మీ కారు పుస్తకం చూసుకుని, ఆ తరువాతే పడవ చూడండి. టెక్సాస్‌లో ట్రెయిలర్ మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే ట్రెయిలర్‌కి బ్రేకులు ఉండి తీరాలి.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ పడుతోంది అన్నదీ ముఖ్యమే. ఎడ్లబండి చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బండి వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, అప్పుడు తోలేవాడు ముందుకి జరిగి కూర్చుంటాడు. ఇక్కడా అంతే. మొత్తం బరువులో సుమారు పదోవంతు హిచ్ మీద పడాలి. అంతకన్నా బాగా తగ్గితే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అలా ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగు అటూ ఇటూ తిప్పకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని వేగం దానంతట అదే తగ్గనివ్వండి. తరువాత ఆగి, సామాను ముందుకి సర్దుకోండి.

హిచ్ బంతి కొలత, దాని మీద కూర్చునే కప్లర్ కొలత ఒకటే కావాలి. రెండు అంగుళాల కప్లర్‌ని అంతకన్నా చిన్న బంతి మీద పెడితే పట్టుకున్నట్టే ఉంటుంది, గతుకులో లేచిపోతుంది. భద్రతా గొలుసులు రెండూ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వచ్చేలా తగిలించండి. కప్లర్ ఊడినా ట్రెయిలర్ ముక్కు రోడ్డుకి తగలకుండా ఆ ఉయ్యాలలో పడుతుంది.

టైర్లు నున్నగా అరిగిపోలేదు కదా అని ధీమా పడొద్దు. ట్రెయిలర్ టైర్లు అరిగి పోవు, ఎండకి పాతబడి పోతాయి. టైరు పక్కన డాట్ అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. నేనైతే ఆరేళ్ళు దాటితే పైకి ఎంత బాగున్నా మార్చేస్తాను. కారు టైర్లు కాకుండా ఎస్.టి. అని రాసి ఉన్న ట్రెయిలర్ టైర్లే వెయ్యండి.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు పెద్దలు. రోడ్డు పక్కన పడవతో సహా ఆగిపోయిన ట్రెయిలర్లలో చాలావాటికి జబ్బు చక్రాల బేరింగుల దగ్గరే. ఎందుకంటే గంటసేపు పరుగెత్తిన చక్రం వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే చల్లటి నీళ్ళలోకి దింపితే లోపలి గాలి ముడుచుకుని నీళ్ళని లోపలికి పీలుస్తుంది. గ్రీజు చెడి, బేరింగు తుప్పు పట్టి, ఒకనాడు చక్రమే ఊడుతుంది. రేవు దగ్గరికి చేరాక పది, పదిహేను నిమిషాలు ఆగండి. చక్రం మధ్య భాగాన్ని చేత్తో తాకి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అది మీకు ముందుగా వచ్చిన ఉత్తరం. ఏడాదికోసారి బేరింగులు విప్పించి, నీటికి తట్టుకునే మెరైన్ గ్రీజు పెట్టించండి.

ఆ ఆగిన పది నిమిషాల్లోనే మిగతా పనులు. అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి బిరడా బిగించారా? వెనక పట్టీలు విప్పారా? లైఫ్ జాకెట్లు బయటికి తీశారా? ఇవన్నీ పక్కకి ఆపుకుని చెయ్యాలి, ర్యాంపు మీద వెనకాల పదిమందిని నిలబెట్టి కాదు. ముందుండే విన్చి పట్టీ మాత్రం పడవ వెనక భాగం నీళ్ళలోకి దిగేదాకా విప్పకండి. వెనక్కి నడపడానికి చిట్కా: స్టీరింగు అడుగు భాగాన్ని పట్టుకోండి. చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ అటు వెళ్తుంది. ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ పార్కింగు స్థలంలో గంటసేపు సాధన చేస్తే చాలు.

ఇహ సంరక్షణ. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టు, సెప్టెంబరు వెళ్ళగానే పడవని మర్చిపోతాం. అక్కడే డబ్బు పోతుంది. 2021 ఫిబ్రవరి చలి మనందరికీ గుర్తే. స్టెర్న్‌డ్రైవ్ పడవల్లో చెరువు నీళ్ళే ఇంజను లోపల తిరిగి చల్లబరుస్తాయి. అవి లోపలే ఉండి గడ్డకడితే ఇనుప బ్లాకు కూడా పగులుతుంది. టెక్సాస్‌లో చలి ఎక్కడిదిలే అనుకోకుండా, నవంబరులోనే నీళ్ళు పూర్తిగా వంచి, గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయించండి. అవుట్‌బోర్డ్ మోటారయితే నిలువుగా దింపి ఉంచితే నీళ్ళు వాటంతట అవే కారిపోతాయి.

నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్‌ని ఏడాదికో, రెండేళ్ళకో మార్చాలి. ఇంట్లో ఇంజను స్టార్టు చెయ్యాలంటే ముందు గొట్టం తగిలించి నీళ్ళు వదలాలి. నీళ్ళు లేకుండా తిప్పితే కాసేపట్లోనే ఆ రబ్బరు మాడిపోతుంది. కింది గేర్ల నూనె మార్చేటప్పుడు అది పాలు కలిపిన కాఫీలా కనబడితే లోపలికి నీళ్ళు వస్తున్నాయన్నమాట. పెట్రోల్లో ఇథనాల్ పది శాతం మించకూడదు. ఈ15 పంపు పడవలకి నిషిద్ధం. నెలల తరబడి ఆపేటప్పుడు స్టెబిలైజర్ కలపండి. చెరువు నుంచి బయల్దేరేముందు పడవలో నీళ్ళన్నీ వంచెయ్యాలి. జీబ్రా మసెల్ అనే చిన్న గుల్లలు 2009లో టెక్సోమాలో కనబడి, తరువాత చాలా చెరువులకి పాకాయి. అందుకని 2014 జూలై నుంచి టెక్సాస్ అంతటా ఇది చట్టం.

మూడోది, కొత్త హంగులు. అందరూ మొదట కొనేది స్పీకర్లు. చివర కొనవలసింది అవి. మొదట, నీళ్ళు చేరగానే దానంతటదే పనిచేసే బిల్జ్ పంపు స్విచ్చి. తరువాత రెండో బ్యాటరీ, మార్చుకునే స్విచ్చి. పాటలు విన్నాక ఇంజను స్టార్టవక చీకట్లో కూర్చునే బాధ తప్పుతుంది. ఆ తరువాత ప్రొపెల్లర్. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఇంజను తిరుగుళ్ళు నిమిషానికి సుమారు 150 నుంచి 200 పెరుగుతాయి. బరువుతో లేవడానికి కష్టపడే పడవకి అది మంచి మందు. ఒక హెచ్చరిక. పడవ లోపలి ఇంజనుకి కారు స్టార్టరు, కారు ఆల్టర్నేటరు చవకగా వస్తున్నాయని వెయ్యకండి. పడవవి నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి చేస్తారు. ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి ఉంటే ఒక్క రవ్వ చాలు. అందుకే స్టార్టు చేసేముందు బ్లోయర్ నాలుగు నిమిషాలు తిప్పాలి.

చివరగా, అసలైన మాట. స్టీరింగు దగ్గర ఒక చిన్న పలక ఉంటుంది. ఎంతమంది, ఎంత బరువు అని దాని మీద రాసి ఉంటుంది. మన ఇళ్ళకి లాంగ్ వీకెండుకి వచ్చేవాళ్ళు ఆ పలక చూసి రారు. ఎనిమిది మంది పడవలోకి పన్నెండు మందిని ఎక్కించడం అతిథి మర్యాద కాదు. రెండు విడతలు తిప్పండి. పసిపిల్లలు కూడా లెక్కలోకే వస్తారు. పదమూడేళ్ళ లోపు పిల్లలకి పడవ కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ ఉండాలని టెక్సాస్ చట్టం. చేతులకి తొడిగే గాలి బుడగలు లైఫ్ జాకెట్లు కావు. నడిపేవాళ్ళు ఇంజను ఆగే తాడు ఒంటికి తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ నుంచి ఫెడరల్ చట్టం ఉంది.

మా అత్తగారు వచ్చినప్పుడు, "అల్లుడుగారూ, నేను పుట్టింది గోదావరి గట్టున. నాకెందుకండీ ఇది?" అన్నారు. "అత్తయ్యగారూ, కచ్చులూరు గోదావరి మీదే కదండీ" అన్నాను. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకి వెళ్తున్న లాంచీ అక్కడే మునిగింది. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా చీర మీద జాకెట్ బిగించుకున్నారు. అమెరికాలో పడవ ప్రమాదాల్లో మునిగి పోయినవాళ్ళలో పదింట ఎనిమిది మందికి పైగా ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదని కోస్ట్ గార్డ్ లెక్కలు ఏటా చెబుతున్నాయి. మనలో చాలామందికి ఈత రాదు. సిగ్గుపడవలసిందేమీ లేదు, ఊళ్ళో వైఎమ్‌సీఏల్లో పెద్దవాళ్ళకీ నేర్పుతారు. నేర్చుకునేదాకా, నేర్చుకున్నాక కూడా, పెద్దలు ముందు తొడుక్కుంటే పిల్లలు అడక్కుండానే తొడుక్కుంటారు.

ఈ శనివారం పడవ తీసేముందు ఒక అరగంట గరాజులోనే గడపండి. టైర్లు, బేరింగులు, బిరడా, జాకెట్లు. ఈ నాలుగూ చూసుకుని బయల్దేరండి.