రోగిసేవ సంఘధర్మం

 

అతిసారంతో తన మలమూత్రాలలోనే పడివున్న ఒక భిక్షువు కథ వినయపిటకంలోని మహావగ్గంలో ఉన్నది. అతనివల్ల తమకేమీ ఉపయోగం లేదని తక్కిన భిక్షువులు అతనిని విడిచిపెట్టారు. తథాగతుడు, ఆనందుడు అతనికి స్నానం చేయించి, ఎత్తి పడకపై పరుండబెట్టారు. తల్లిదండ్రులు దగ్గర లేనివారికి తోటివారే దిక్కని తథాగతుడు సంఘానికి బోధించాడు.

నేటి వృద్ధాశ్రమవాసుల స్థితి ఆ భిక్షువు స్థితికి దూరమైనది కాదు. అయితే మన పుదుచ్చేరి పట్టణంలో వైద్యానికి లోటు లేదు. 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్య పాఠశాలే జిప్మర్‌కు మూలం. ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు వేరు వరుస ఉండాలని, వీలైనంతవరకు పడకలు ఇవ్వాలని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చెబుతున్నది. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యబీమాను 2024లో ఆయుష్మాన్ భారత్ పథకంలో చేర్చారు.

ఆశ్రమానికీ ఆసుపత్రికీ మధ్య మాత్రం దారి తెగిపోతున్నది. వేరు వరుస ఉన్నా, అక్కడిదాకా చేయిపట్టి తీసుకొనిపోయేవారు కావాలి. తాను మింగే మాత్రల పేర్లు వృద్ధురాలు చెప్పలేదు. ఆమె యానాం నుండి వచ్చిన తెలుగు మనిషి అయితే, తమిళంలో తన నొప్పిని కూడా చెప్పుకోలేదు. ఆసుపత్రినుండి తిరిగివచ్చాక కొత్త మందుల చీటీని ఎవరూ చదివి చెప్పకుంటే పాత మాత్రలు, కొత్త మాత్రలు కలిపి మింగే ప్రమాదమున్నది.

పరిచారకునికి ఉండవలసిన ఐదు గుణాలను మహావగ్గమే చెప్పింది: ఔషధం సిద్ధపరచగలగడం, పథ్యాపథ్యాలు తెలియడం, లాభాపేక్ష లేని మైత్రి, మలమూత్రాలను తీసివేయుటకు ఏవగించుకొనకపోవడం, ధర్మవాక్యాలతో ధైర్యం చెప్పడం. రోగి తన బాధను ఉన్నదున్నట్లు పరిచారకునికి చెప్పాలనీ అక్కడే ఉన్నది. చెప్పలేని స్థితిలో ఉన్నవారికి మనమే నోరు కావాలి.

కనుక మన కర్తవ్యం స్పష్టం. ప్రతి ఆశ్రమవాసికీ జబ్బులు, మందులు, సరిపడని పదార్థాలు వ్రాసిన ఒక పుస్తకం ఉండాలి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అదీ వెంట వెళ్ళాలి. రెండు భాషలూ తెలిసిన మన సభ్యులొకరు తోడు వెళ్ళి, వైద్యుని మాటను ఆశ్రమ సిబ్బందికి తిరిగి అప్పగించాలి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు నిర్ణీతదినాన ఆశ్రమానికి వచ్చేట్లు ఆశ్రమ నిర్వాహకులతో కలిసి మనం అడగాలి.

ఇందుకు ధనంకన్న సమయం ఎక్కువ కావాలి. పంచశీలను స్వీకరించిన మనం నెలకు ఒక్క ఉదయాన్ని ఇందుకు దానమిద్దాం. ఎవరికీ ఉపయోగపడరని విడిచిపెట్టిన వారి పడక ప్రక్కన నిలబడినప్పుడే మన శరణాగతికి అర్థం ఏర్పడుతుంది.

సాధు! సాధు! సాధు!